గళ్లలో పడని దెబ్బ

మొన్న చెరుకుపల్లి సెంటర్లో మా రేపల్లె బస్సు ఆగిపోయింది. ముందు పెళ్లి ఊరేగింపు. డీజే బండిని రోడ్డుకి అడ్డంగా పెట్టి కుర్రాళ్లు ఎగురుతున్నారు. బస్సులో అందరూ తిట్టుకుంటున్నారు, నేనూ తిట్టాను. నా ఒళ్లో రెండు దిండ్ల మూట ఉంది. రేపల్లెలో ఒక బాలింతకి ఇచ్చి మళ్లీ సాయంత్రం బండికి తెనాలి చేరాలి. అంతలో ఆ బండి మీది స్పీకరు డబ్బాల్లోంచి "టంయ్" అని ఒక మోత వచ్చింది. దాని వెంటే ఇంకోటి. నా తిట్టు నోట్లోనే ఉండిపోయింది.

అది మా ఇంట్లో గోడకి వేలాడే విల్లు. మా అత్తగారు దూది ఏకిన విల్లు. ఇలాంటి విళ్లు ఇంకా ఎన్ని ఇళ్లలో ఉన్నాయో నాకు తెలియదు. మా దాని నారికి మాత్రం ఒకచోట ముడి ఉంది. మీటితే మోత చివర్లో కొంచెం జీరపోతుంది. ఆ జీర కూడా ఉంది. చెరుకుపల్లి సెంటర్లో, మనిషెత్తు డబ్బాల్లో, మా అత్తగారి విల్లు!

దాన్ని అందులోకి ఎక్కించినవాడు పోయి ఏడాది దాటింది. అతని పేరు చెప్పను. చెబితే మారీసుపేటలో సగంమంది "ఓ, ఆ పిచ్చోడా" అంటారు, నాకు మళ్లీ వాళ్లతో తగువు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది.

మొదటిసారి అతను మా ఇంటికి బొంతల కోసం వచ్చాడు. మాది సన్నాయి మేళం ఇల్లు. మా బావగారు, అంటే మా ఆయన అన్న, సన్నాయి. మా ఆయన డోలు. పెళ్లిళ్లప్పుడు మేళం, మిగతా రోజుల్లో పరుపులు, దిండ్లు, బొంతలు. బావగారు పోయారు, ఆ ఏడు తిరక్కుండా మా ఆయనా పోయాడు. నాకు దూది మిగిలింది.

"ఎనిమిది బొంతలు కావాలక్కా" అన్నాడు గుమ్మంలో నిలబడే.

"మంచం మీదకా, కిందకా?"

"గోడకి."

"ఏం, గోడకి చలేస్తందా?"

నవ్వలేదు. "గోడ ఎదురు మాట్లాడతందక్కా. నేనొక మోత చేస్తే అది ఇంకోటి చేస్తంది. దాని నోరు మూయాలి" అన్నాడు. అంటూనే గోడకున్న విల్లు దగ్గరికి పోయి, అడక్కుండా మీటాడు. మీటి, చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. ఇంకోసారి మీటాడు. ఇంకోసారి. నేను బొంత కొలతలు అడుగుతూనే ఉన్నాను, ఆ మనిషి నారి మీటుతూనే ఉన్నాడు. నలభై ఏళ్లకి దగ్గర పడిన మనిషి. ఒక కాలికి నీలం చెప్పు, ఒక కాలికి తెల్ల చెప్పు. రెండూ ఎడమకాలివే.

బొంతలు కుట్టి నేనే మోసుకెళ్లాను, మేకులు కొట్టించడానికి. స్టేషన్ దగ్గర సైకిల్ షాపు మీద గది. కంప్యూటరు, రెండు డబ్బాలు, ఒక మైకు, ఒక కుర్చీ. ఆ కుర్చీలో అతను కూర్చోగా నేను ఏనాడూ చూడలేదు. నిలబడి, వంగి, ఒక చేత్తో కంప్యూటరు ఎలుకని పట్టుకుని, రెండో చేత్తో ఏదో ఒకటి తడుతూ ఉండేవాడు. టీ గ్లాసు తట్టేవాడు, కిటికీ ఊచ తట్టేవాడు, ఏమీ దొరక్కపోతే తన దవడ తట్టుకునేవాడు. నోరు కాస్త తెరిచి తడితే ఒక మోత, ఇంకాస్త తెరిస్తే ఇంకో మోత. మాట్లాడుతుండగా మధ్యలో ఆగి, దవడ తట్టి, మళ్లీ మాట అందుకునేవాడు.

మే నెల ఎండలో కూడా ఫ్యాను కట్టేసేవాడు. ఫ్యాను గాలి పాటలో పడుతుందట. బొంతలు కొట్టాక ఆ గది కుమ్మరి ఆవంలా ఉండేది. చెమట కారి గడ్డం మీంచి బల్ల మీద పడితే ఆ చుక్కల్ని కూడా వేలితో తట్టేవాడు.

కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజులు. ఒకసారి మూడు రోజుల పని కరెంటుతో పాటు పోయిందట. అప్పటినుంచి ప్రతి రెండు నిమిషాలకీ ఒక మీట నొక్కేవాడు. నొక్కినప్పుడల్లా పైకి "సేవ్" అనేవాడు. తుమ్మినా సేవ్, దగ్గినా సేవ్, తల్లి ఫోన్ చేసినా ముందు సేవ్. చర్చికి పోతే పాస్టరు గారు ప్రార్థన ముగించగానే ఆమెన్ అనబోయి సేవ్ అన్నాడని అతని తల్లే నాకు చెప్పింది.

ఆ తల్లి చర్చిలో ముందు వరసలో నిలబడి పాడే మనిషి. కొడుకు పక్కన నిలబడి పాడితే చుట్టుపక్కలవాళ్లు దారి తప్పేవారట. అంత శ్రుతి! సరిగమలు రావు, తాళం రాదు, ఏ వాయిద్యమూ రాదు. రేడియోలు బాగుచేసే పని నుంచి ఇందులోకి వచ్చాడు. కానీ బాపట్ల నుంచి రేపల్లె దాకా ఊరేగింపులకి కావలసిన డాన్సు పాటలు అతనే కట్టేవాడు. స్టేషన్ దగ్గర టీ కొట్టు ముందు మా మేళాల వాళ్లు కూర్చుని అతన్ని ఏడిపించేవాళ్లు.

"ఏంటి మేస్త్రీ, ఇవాళ ఏ రాగం నొక్కావ్?"

"కరెంటు రాగం బాబాయ్. పోయినప్పుడు ఆగుద్ది."

వాళ్లు నవ్వేవాళ్లు. అతనూ నవ్వేవాడు. కానీ మెట్లెక్కేటప్పుడు రెండేసి మెట్లు ఎక్కేవాడు, గోడని గుద్దుకుంటూ.

ఇక నా సంగతి. మా ఆయన వాయించింది నా దగ్గర ఒకే ఒక్క క్యాసెట్టు ఉండేది. బాపట్లలో ఒక పెళ్లిలో మైకు సెట్టు అతను డోలు ముందు మైకు పెట్టి పట్టిన టేపు. ఇరవై నిమిషాలు. బావగారి సన్నాయి ఎక్కడో దోమ మూలిగినట్టు వినిపిస్తుంది. డోలు మాత్రం ఎదురుగా కూర్చుని వాయిస్తున్నట్టే ఉంటుంది. ప్రతి శుక్రవారం ఇల్లు ఊడ్చి, అది పెట్టుకుని, దూది చేతిలోకి తీసుకునేదాన్ని. ఆ ఇరవై నిమిషాలూ ఇంట్లో మనిషి ఉన్నట్టు ఉండేది. రానురాను టేపు సాగింది. డోలు నీళ్లలో మునిగినట్టు మోగడం మొదలుపెట్టింది. నాకు భయం పట్టుకుంది. అదీ పోతే ఇక ఏమీ లేదు.

"దీన్ని సీడీ చేసిపెట్టు తమ్ముడూ" అని పట్టుకెళ్లాను. తమ్ముడూ అనడం అదే మొదలు.

మూడోరోజు కబురు వచ్చింది. వెళితే, గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. కళ్లు వెలిగిపోతున్నాయి. "రా అక్కా. టేపు మిషన్లో నలిగి ముక్కలైపోయిందిలే, కానీ అంతకు ముందే మొత్తం లోపలికి లాగేశా. కూర్చో. మా బావ డోలు ఎంత శుభ్రంగా వాయిస్తన్నాడో ఇను."

ఫ్యాను కట్టేశాడు. పెట్టాడు.

విన్నాను. డోలు మోత డోలుదే. కుడిచేతి వేళ్ల తొడుగుల చప్పుడు, ఎడమచేతి పుల్ల దెబ్బ, అన్నీ ఉన్నాయి. కానీ మనిషి లేడు.

"ఎవరిదిది?" అన్నాను.

"అదేంటక్కా, మీ ఆయనదే."

"కాదు."

"నువ్విచ్చిన టేపే!"

"కాదంటన్నా కదా. మా ఆయన చెయ్యి కాదిది. కవాతు చేస్తన్నట్టుంది."

అప్పుడు చెప్పాడు, గొప్ప పని చేసినవాడిలా. కంప్యూటర్లో మోతలు పెట్టడానికి గళ్లు ఉంటాయట. నేను చూశాను, బొంత మీద కుట్ల మాదిరే ఉన్నాయి. మా ఆయన దెబ్బలు కొన్ని గడికి కాస్త ముందు పడ్డాయట, కొన్ని వెనక పడ్డాయట. వాటన్నిటినీ ఒక మీట నొక్కి గళ్లలోకి లాగేశాడు. దోమలా మూలిగే సన్నాయిని కూడా తుడిచేశాడు.

"సరే. ముందుది పెట్టు. నువ్వు ముట్టుకోక ముందుది."

"పెడతా" అని వంగాడు. వెతికాడు. ఇంకోచోట వెతికాడు. దవడ తట్టుకోవడం మానేశాడు. బతికుండగా అతని చేతులు ఊరుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. సరిచేసిన ప్రతిసారీ, అలవాటు కొద్దీ, పాతదాని మీదే సేవ్ కొట్టాడు. టేపు ముక్కలైంది. పాతది చెరిగింది. మిగిలింది ఈ కవాతు.

నేను అరవలేదు. నా గొంతు మామూలుగానే రంపపు కోతలా ఉంటుంది, ఆవేళ అదీ లేదు. మెట్లు దిగి సైకిల్ షాపు ముందు నిలబడ్డాను. వెనకాలే దిగొచ్చాడు, చెప్పులు కూడా లేకుండా.

"అక్కా, నీకు తెలుసుగా ఎక్కడ ఎట్టా పడాలో? నువ్వు చెప్పు. నేను జరుపుతా. ఒక్కో దెబ్బ. ఇరవై నిమిషాలూ."

"ఒక్కో దెబ్బా? ఎన్ని దెబ్బలో తెలుసా నీకు?"

"తెలీదు. నువ్వు రా."

అలా మొదలైంది. పొద్దున పది గంటలకి ఇంట్లో పని ముగించుకుని వెళ్లి, బొంత మీద కూర్చునేదాన్ని. అతను నిలబడి నాలుగు దెబ్బలు పెట్టేవాడు. నేను కళ్లు మూసుకునేదాన్ని. "మూడోది తొందరపడింది, వెనక్కి లాగు... ఎక్కువైంది... కొద్దిగా ముందుకి. ఆఁ." సేవ్. ఇప్పుడు మాత్రం పక్కన కొత్తగా సేవ్. మళ్లీ నాలుగు. ఒకే వరసని మూడుసార్లు వేసి ముగించే ముక్తాయింపు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పగిలిపోయేది. ఆఖరి దెబ్బని మిషను ఎప్పుడూ ముందే వేసేస్తుంది. "ఆగు! ఆగు!" అని అరిచేదాన్ని, మా ఆయన ఎదురుగా ఉన్నట్టు. తర్వాత వేలెత్తి "ఇప్పుడు" అనేదాన్ని.

అతనికి ఒకే మాట ఉండేది. ఇంకోసారి. కుదిరిందని నేను అన్నా సరే, ఇంకోసారి మొదటి నుంచి అనేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. మొదటి నుంచి, మొదటి నుంచి అంటూ పోతే చివరికి ఎప్పుడు వస్తాం?

వారం గడిచాక అతనికే అనుమానం వచ్చింది. "అక్కా, కోప్పడకు. ఆఖరి దెబ్బ ఇంత లేటుగా ఎవరూ వేయరు. నీ మనసు సాగదీస్తందేమో. తాళం తెలిసిన మనిషిని అడుగుదాం."

"మా మావగారు తొమ్మిదేళ్లు చెక్క మీద కొట్టించి నేర్పిన చెయ్యది. అడుగు, ఎవర్నైనా అడుగు."

బాపట్లలో మృదంగం నేర్పే పెద్దాయన ఉన్నారని ఎవరో చెప్పారు. ఇద్దరం పొద్దున ప్యాసింజరు ఎక్కాం. చుండూరు దాటేదాకా అతను తలుపు దగ్గరే నిలబడి రైలు చప్పుడు లెక్కపెట్టాడు. అది కూడా గళ్లలో పడటంలేదని నా దగ్గరికి వచ్చి చెప్పి వెళ్లాడు.

మాస్టారు మర్యాదస్తులు. అరుగు మీద చాప వేశారు, మంచినీళ్లు ఇచ్చారు.

"ఏం చేస్తుంటారు?"

"డాన్సు పాటలు కడతానండి. కంప్యూటర్లో."

"వాయిస్తారన్నమాట."

"లేదండి. నొక్కుతానండి."

ఆయన నవ్వు ఆపుకున్నారు. "సంగీతం ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఎక్కడా లేదండి."

"మరి ఎలా తెలుస్తుంది, కుదిరిందో లేదో?"

"జనం ఎగిరితే కుదిరినట్టండి. ఎగరకపోతే లేనట్టు."

"తిరనాళ్లలో గేదె బెదిరినా జనం ఎగురుతారు కదయ్యా" అన్నారు మాస్టారు. అతను తల వంచుకున్నాడు. కానీ చాప అంచుని తడుతూనే ఉన్నాడు.

అప్పటిదాకా సరిచేసినంతా ఎక్కించి తెచ్చిన సీడీ పెట్టారు. మాస్టారు తొడ మీద తాళం వేస్తూ విన్నారు. తల ఊగింది. "చెయ్యి గట్టిది. మంచి పాఠం" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ముక్తాయింపు వచ్చింది. ఆఖరి దెబ్బ దగ్గర ఆయన చెయ్యి తొడ మీద ముందే పడిపోయింది, దెబ్బ తర్వాత వచ్చింది. ఆయన మొహం చిట్లించారు.

"ఇక్కడ జారాడు."

"చూశావా అక్కా" అన్నాడు ఇతను.

"జారలేదండి" అన్నాను. "ఆగాడు."

"ఎందుకు ఆగాలమ్మా? తాళం ఎవరి కోసం ఆగుతుంది?"

"మా బావగారి కోసమండి. సన్నాయి ఆయనది. ఆఖర్లో ఆయనకి ఆయాసం వచ్చింది. మా ఆయన దెబ్బ వేశాడంటే ఆయన ఊది తీరాలి. ఊపిరి అందక పెళ్లిలో ఆగిపోతే నలుగురిలో పరువు పోద్ది కదండి. అందుకని ఆ దెబ్బని పట్టుకునేవాడు, అన్న ఊపిరి తీసుకునేదాకా. నేనొకసారి అడిగితే ఇంత మాత్రమే చెప్పాడు, అన్నని ఊపిరి తీసుకోనీ అని."

మాస్టారు నా వైపు జరిగారు. "సన్నాయి వినిపించడంలేదు కదమ్మా ఇందులో. నాకెలా తెలుస్తుంది?" అన్నారు. అది నిజమే. తుడిచేసినవాడు చాప వైపు చూస్తున్నాడు.

"మళ్లీ పెట్టండి."

ఈసారి మాస్టారు తాళం వేయలేదు. డోలు వెంట సన్నగా ఏదో రాగం తీశారు. ముసలి గొంతు, కాస్త వణికింది. ఆఖరికి వచ్చేసరికి ఆగి, నోరు తెరిచి, ఊపిరి పీల్చుకున్నారు. పీల్చుకోవడం అయింది. దెబ్బ పడింది. రాగం దాని మీద ఎక్కింది.

లోపల మాస్టారి భార్య గిన్నె పెట్టిన చప్పుడు వినిపించింది.

"సరిపోయింది" అన్నారు మాస్టారు. తర్వాత అతని వైపు తిరిగారు. "తాళం రాకుండా ఇలా వాయిస్తే దీన్ని తప్పంటాం. ఆయనకి తాళం వచ్చు కాబట్టి దాన్ని పట్టుకుని ఆపగలిగాడు. నీకు ఈ తేడా తెలియాలంటే చేత్తో రావాలయ్యా. నొక్కితే రాదు. ఆదివారాలు రా."

తిరుగు రైల్లో వేరుశెనక్కాయలు కొనుక్కున్నాం. అతను తినలేదు, కాయల్ని ఒకదానితో ఒకటి కొట్టి వింటున్నాడు.

"నేర్చుకున్న ఆయనకీ తప్పులాగే వినపడింది, నేర్చుకోని నాకూ తప్పులాగే వినపడింది. మరి నేర్చుకోవడం దేనికక్కా?"

"ఆయన రెండోసారికి సరిచేసుకున్నాడు. నువ్వు వారం రోజుల నుంచి నన్ను అనుమానిస్తన్నావు."

"అది సరే" అని లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. "మిషనుకి ఆయాసం రాదు కదక్కా. నా పాటలో నేనెవరి కోసం ఆగాలి?"

నేను కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాను.

ఆదివారాలు బాపట్ల వెళ్లాడు. ఎనిమిదేళ్ల పిల్లల పక్కన కూర్చుని తొడ మీద తాళం వేశాడట. తల్లి మా ఇంటికొచ్చి కళ్లు తుడుచుకుంది. "ఆదివారం పూట చర్చికి రమ్మంటే రాడు, మద్దెల నేర్చుకోడానికి బాపట్ల పోతాడు. దేవుడు ఊరుకుంటాడా వదినా?" అరచేతులు ఎర్రగా వాచి వచ్చేవాడు. వాచిన చేత్తోనే ఎలుక పట్టుకునేవాడు. టీ కొట్టు దగ్గర మా మేళాల వాళ్లు "శిష్యా" అని పిలవడం మొదలుపెట్టారు. అప్పుడు కూడా నవ్వాడు, కానీ మెట్లు ఒక్కొక్కటే ఎక్కాడు. రెండు నెలలు తిరిగి మానేశాడు.

"ఏమైంది?"

"చేతికి రాదక్కా. మాస్టారు మంచోడు, తిట్టలేదు. నాకే సిగ్గేసింది. కానీ చెవికి వచ్చింది. ఇదివరకు గడే వినపడేది. ఇప్పుడు గడికీ దెబ్బకీ మధ్యన జాగా వినపడతంది."

"చెవికొస్తే చాలు. నా పని ముగించు."

ఇరవై నిమిషాల్లో అప్పటికి నాలుగే అయ్యాయి. ఆ నాలుగూ మా ఆయనే. కళ్లు మూసుకుంటే పక్కన కూర్చున్నట్టే ఉంది. మిగతా పదహారూ కావాలి నాకు. అతనేమో ఆ నాలుగు నిమిషాల చుట్టూనే తిరుగుతున్నాడు. ఇంకోసారి, ఇంకోసారి. ఒకరోజు అడిగాడు.

"అక్కా, ఈ ముక్తాయింపు ఒక్క డాన్సు పాటకి వాడుకుంటా."

"ఏంటీ?"

"ఒక్క పాటకే. కింద అప్పుడు మైకు పెట్టి పట్టుకున్న మీ విల్లు మోత పెడతా. పైన బావ డోలు."

"తాగి ఎగిరేవాళ్ల కాళ్ల కింద వేస్తావా మా ఆయన్ని? నాది నాకు మొత్తం చేసివ్వు, తర్వాత మాట్లాడు."

"మొత్తం చేస్తా. ఇంకోసారి మొదటి నుంచి..."

"ఇంకోసారి అన్నావంటే నీ గోడల మీద బొంతలు పీక్కుపోతా!" అని వచ్చేశాను. నెల రోజులు ఆ మెట్లు ఎక్కలేదు. అతనే రెండుసార్లు మా వీధిలోకి వచ్చి, మా గుమ్మం దాటి ముందుకు పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ పోయాడు. నేను సూదిలో దారం ఎక్కిస్తూ చూశాను. పిలవలేదు.

తర్వాత వానలు. జ్వరంతో నాలుగు రోజులుగా పడుకునే ఉన్నాడని వాళ్లూ వీళ్లూ చెప్పారు. కుర్చీలో కూర్చోనివాడు నాలుగు రోజులు పడుకున్నాడంటే ఇక ఆగలేక చెప్పులేసుకున్నాను. ఆసుపత్రికి వెళ్లేసరికే అయిపోయింది. తల తల్లి ఒళ్లో ఉంది. చేతులు కదలకుండా ఉన్నాయి. ఆ చేతుల్ని చూశాక నేను అక్కడ నిలబడలేకపోయాను.

పదిహేను రోజులు ఆగి, సిగ్గు విడిచి అడిగాను. "వదినా, కంప్యూటర్లో మా ఆయనది ఉంది." ఆవిడ బిత్తరపోయింది. గది ఖాళీ చెయ్యమన్నారని కంప్యూటరు ఎవరికో ఇచ్చేశారట. వాళ్లు లోపలదంతా తుడిచి కొట్టు లెక్కలకి పెట్టుకున్నారట. "నాకు తెలీదు వదినా, నాకేం తెలుసు" అని నా చేతులు పట్టుకుంది. గోడ బొంతలు ఎనిమిదీ మూటగట్టి నాకే ఇచ్చింది. అవి తెచ్చి మూలన పడేశాను. శుక్రవారాలు ఇల్లు ఊడుస్తున్నాను గానీ, తర్వాత ఏం చెయ్యాలో తెలియక మళ్లీ ఊడుస్తున్నాను. ఈమధ్యే ఆ బొంతలు విప్పి, దూది ఏకించి, దిండ్లు కుట్టడం మొదలుపెట్టాను.

ఆ దిండ్లు ఒళ్లో పెట్టుకునే బస్సులో ఉన్నాను, మొన్న, విల్లు మోగినప్పుడు.

లేచాను. "పెద్దమ్మా, ఇది రేపల్లె కాదు" అన్నాడు కండక్టరు. దిగాను. జనాన్ని తోసుకుంటూ బండి దగ్గరికి పోయాను. విల్లు మీద డోలు ఎక్కింది. మా ఆయన. కవాతు కాదు, మా ఆయనే. కుడిచేతి వేళ్లు, ఎడమచేతి పుల్ల, కాస్త ముందు, కాస్త వెనక, ఆ జాగాలన్నీ ఉన్నాయి. నాకు చెప్పకుండా, నేను వద్దన్నాక, కాళ్ల కింద వేశాడు. కోపం వచ్చింది. చచ్చినవాడి మీద అంత కోపం రావచ్చో లేదో నాకు తెలియదు, వచ్చింది.

ముక్తాయింపు మొదలైంది. ఒకటి. రెండు. మూడోది ఎక్కుతుండగా మోతలన్నీ తప్పుకున్నాయి. డబ్బాల్లోంచి రంపపు కోతలాంటి గొంతు ఒకటి వచ్చింది.

"ఆగు!"

నా గొంతు.

ఎగురుతున్న వాళ్లందరూ ఆగిపోయారు. ముప్ఫై మంది ఉంటారు. ఒక కాలు నేల మీద, ఒక కాలు గాల్లో. పెళ్లికొడుకు బాబాయి కాబోలు, బట్టతల ఆయన, రొప్పుతూ, నోరు తెరిచి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. పక్కవాళ్లూ పీల్చుకున్నారు. అందరి భుజాలూ ఒకేసారి పైకి లేచాయి. అప్పుడు పడింది దెబ్బ. కాళ్లన్నీ ఒకేసారి నేల మీద పడ్డాయి.

రైల్లో అతను అడిగిన మాటకి జవాబు అతనే వెతుక్కున్నాడు. నేను ఆ రోడ్డు మీద నిలబడి చూశాను.

పాట అయిపోయింది. బండి మీదున్న ఆపరేటరు, మీసాలాయన, నా మొహం చూసి కిందకి వంగాడు. "ఏంటమ్మా, సౌండు ఎక్కువైందా?"

"ఈ పాట ఎవరిది నాయనా?"

"ఎవరిదో అండి. చేతులు మారి వచ్చింది. ఆగు పాట అంటారు. అక్కడ మిషను తడబడతందని మావాడు ఒకసారి సరిచేశాడండి. సరిచేశాక ఒక్కడూ ఎగరలా. మళ్లీ పాతదే వేస్తన్నాం."

వెనక బస్సు డ్రైవరు హారను కొడుతున్నాడు. "రావమ్మా, నీ కోసం ఆపాలా" అని కండక్టరు అరుస్తున్నాడు. నేను దిండ్ల మూట చంకలో సర్దుకున్నాను.

"ఇంకోసారి వెయ్యి నాయనా" అన్నాను. "మొదటి నుంచి."

ఆపరేటరు చెయ్యి మీట మీదకి పోబోయి ఆగింది. నా గొంతు విన్నాడు. డబ్బాల వైపు చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు. మీట నొక్కాడు.